తక్కువ కరెంటు తాగిన నేరం

ఆ ఇంట్లో నేను మొట్టమొదట పలకరించింది మనిషిని కాదు, ఫ్రిజ్‌ని. మండుటెండలోంచి లోపలికి అడుగుపెట్టేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. హాలు మూల ఎవరో భారీ మనిషి ఓవర్‌కోటు తొడుక్కుని గోడకు చేరబడ్డట్టు కనిపించాడు. "అయ్యా, మేడమీద గది అద్దెకుందని బోర్డు చూసి వచ్చాను" అన్నాను వినయంగా. ఆ ఆకారం ఒళ్ళు జలదరించినట్టు ఓసారి ఊగి, గుర్రుమని, మళ్ళీ ఊరుకుంది. దాని వెనకనించి ఓ బట్టతల పైకి లేచింది. చేతిలో స్క్రూడ్రైవరు, పెదాల మధ్య రెండు మేకులు.

"ఉందండీ. కాకపోతే అద్దె సంగతి దానితో కాదు, మా ఆవిడతో మాట్లాడాలి" అన్నాడాయన మేకులు తీసి.

వీధి వీధంతా ఆయన్ని చల్లమావయ్య అంటుంది. వీధి మొదట్లో రేకుల షెడ్డు, దాన్నిండా కడుపులు విప్పి పడుకోబెట్టిన ఫ్రిజ్‌లు, వాటి మధ్య పీట వేసుకుని, ఒకదానికి చెవి ఆనించి వింటూ ఆయన. ఆయన భార్య సిటీ బస్సులో కండక్టరు, వీధందరికీ అత్తయ్య. బస్సులో అరిచి అరిచి ఆవిడ గొంతు ఆ స్థాయిలోనే నిలిచిపోయింది. ఇంట్లో "ఉప్పు అయిపోయింది" అన్నా పక్క స్టాపులో దిగినవాళ్ళకి వినపడుతుంది. నా అద్దె బేరం టిక్కెట్టు చింపినంత సేపట్లో తేలిపోయింది. "ఎక్కారు కదా, ఇంక లోపలికి జరగండి బాబాయిగారూ" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది.

గది బాగుంది. పైన రేకుల కప్పు మాత్రం మధ్యాహ్నానికి పెనంలా కాలేది. కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగేవాణ్ణి, ఎండలు ముదిరేలోపు ఎలాగూ మరో ఊరు వెళ్ళిపోతాను కదా అనుకున్నాను. వెళ్ళలేదు. దానికి కారణం ఆ ఓవర్‌కోటు ఫ్రిజ్జే.

అది ఒక కంపెనీ సరుకు కాదు. ఒళ్ళు ఒకరిది, ఆకుపచ్చ. తలుపు ఇంకొకరిది, మీగడ రంగు. పిడి స్థానంలో ఉన్నది డిపోలో పాత బస్సుని తుక్కుకి కొట్టేటప్పుడు అత్తయ్య తెచ్చిన పట్టుకునే కడ్డీ. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించలేదట. అప్పట్నించీ మావయ్యకి తోచిన ప్రతి ప్రయోగమూ దాని మీదే. చలి గోడల్లోంచి కారిపోతోందని చుట్టూ బెండు పలకలు, వాటిమీద థర్మోకోలు, దానిమీద ప్లైవుడ్డు, ఇలా పొర మీద పొర తొడుక్కుంటూ వచ్చింది. తలుపు అంచుకి రబ్బరు మావయ్యే కోసి అతికించాడు. మూస్తే ముద్దు పెట్టినంత మెత్తగా చప్పుడయ్యేది. వెనక జాలీకి దుమ్ము పట్టకుండా రోజూ పొద్దున్నే కుంచెతో దులిపేవాడు.

"అది ఫ్రిజ్ కాదు బాబాయిగారూ, నా సవతి" అంది అత్తయ్య మొదటి వారంలోనే. "లేవగానే దాని ఒళ్ళు తుడుస్తారు. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకోమంటారు. దానికి దగ్గొస్తే షాపు మూసుకుని ఇంట్లో కూచుంటారు."

"దగ్గు కాదే, కంప్రెసరు బోల్టు వదులైంది" అన్నాడు మావయ్య లోపల్నించి.

"విన్నారా? నా బోల్టులు ఒక్కనాడైనా చూశారా ఈ మనిషి?"

చల్లదనం కోసం మనుషులు పడిన పాట్లు చదివితే నవ్వొస్తుంది, దణ్ణం పెట్టాలనీ అనిపిస్తుంది. ఎడారి దేశాల్లో మందపాటి గోడలతో గుమ్మటాలు లేపి, వాటి కింద గోతుల్లో చలికాలపు మంచుగడ్డని ఎండలు వచ్చేదాకా దాచుకున్నారు. గడ్డకట్టిన చెరువుల్ని రంపాలతో కోసి, రంపపుపొట్టులో చుట్టి, ఓడలకెత్తి భూగోళం అవతలి వైపుకి తీసుకుపోయి అమ్మారు. దారిలో కొంత కరిగి సముద్రంలో కలిసినా మిగిలిందే బోలెడు లాభం. అంత వ్యాపారమూ నిలబడింది మంచు మీద కాదు, పొట్టు మీద. చలిని పుట్టించడం ఒక ఎత్తు, పుట్టిన చలిని పారిపోకుండా పట్టుకోవడం ఇంకో ఎత్తు. ఈ కథ ఓ సాయంత్రం మావయ్యకి చెబితే ఆయన సవతి కోటు మీద తట్టి, "మా ఇంట్లో ఆ ఓడ ఇదేనండీ" అన్నాడు. అత్తయ్య మూతి తిప్పింది.

ఆ ఎండాకాలంలోనే ప్రభుత్వం వారి వ్యాను వీధిలోకి వచ్చింది. దేశమంతటా కరెంటు వాడకం తగ్గించే కార్యక్రమమది. అంతకుముందు ఇళ్ళలో బల్బులు మార్చారు, తర్వాత వీధి దీపాలు మార్చారు, ఇప్పుడు ఫ్రిజ్‌ల వంతు. పాతది ఇచ్చెయ్యాలి, కొత్తది తీసుకోవాలి. రూపాయి ఇవ్వక్కర్లేదు.

ప్రభుత్వాలకి మామూలుగా కట్టి చూపించే పనులంటే మోజు. వంతెనో ఆనకట్టో అయితే రిబ్బను కట్టి కత్తిరించవచ్చు. ఇంటింటా నాలుగు చుక్కల కరెంటు మిగిలి, ఆ చుక్కలన్నీ కలిసి, ఎక్కడో కొండపక్కన ఓ కరెంటు కేంద్రం కట్టనవసరమే లేకపోతే, దానికి రిబ్బను ఏ రెండు స్తంభాలకి కడతారు? చెయ్యకుండా మిగిల్చిన పనికి ఫొటో ఉండదు. అందుకే ఇలాంటి కార్యక్రమాలంటే నాకు మొదటినించీ ఓ ముచ్చట.

వ్యానుతో ఒక అమ్మాయి వచ్చింది. పెద్ద కళ్ళజోడు, భుజాన సంచి, సంచినిండా చిన్న చిన్న మీటర్లు. రెండో రోజుకే వీధి ఆ పిల్లకి మీటరమ్మాయి అని పేరు పెట్టేసింది. గోడ ప్లగ్గుకీ ఫ్రిజ్ వైరుకీ మధ్య ఓ మీటరు తగిలించి వెళ్ళేది. మర్నాడు అదే వేళకి వచ్చి చూసేది. షరతులు రెండే. ఒకటి, పాత ఫ్రిజ్ పనిచేస్తూ ఉండాలి, బాగుచేయించి తెచ్చినా సరే. రెండోది, అది ఓ గీత దాటి కరెంటు తాగుతూ ఉండాలి.

"తిండిపోతుల్నే తీసుకెళ్తామండీ" అని నవ్వేది. "తక్కువ తినేవాటిని మార్చి ఏం ఉపయోగం? కొత్తవి లెక్కగా వచ్చాయి, పెద్ద పొట్టలున్న చోటికే ముందు వెళ్ళాలి."

మొదటి షరతుతో మావయ్య షెడ్డు కళకళలాడిపోయింది. ఎప్పుడో ఊపిరి వదిలేసిన ఫ్రిజ్‌లని కూడా జనం తోపుడుబళ్ళ మీద తీసుకొచ్చారు. ఎదురింటి టైలరు వదిన ఫ్రిజ్ పాడై చాలాకాలమైంది, అందులో జాకెట్టు గుడ్డలు రంగుల వారీగా మడతపెట్టుకుంటోంది. "అన్నయ్యా, దీనికి రెండ్రోజులు ప్రాణం పోస్తే చాలు, తర్వాత వాళ్ళే తీసేస్తారు" అని తెచ్చి దింపింది. "చంపడం కోసం బతికించడం నా సర్వీసులో ఇదే మొదలమ్మా" అన్నాడు మావయ్య. అన్నాడే గాని ఒక్కదాన్నీ అశ్రద్ధగా చూడలేదు. గాలిపటానికి దారం కట్టే పిల్లాడంత హుషారుగా ప్రతిదానికీ గ్యాసు పట్టి, గొంతు సవరించి, చల్లని ఊపిరి తగిలేదాకా చెయ్యి లోపల పెట్టి కూచునేవాడు. ట్రక్కువాళ్ళు వచ్చి వాటిలోని గ్యాసుని సిలిండరులోకి లాగేసి, వైరు కత్తిరించి ఎక్కించుకుంటుంటే పనాపి లేచి నిలబడేవాడు.

ఇక సవతి వంతు. అత్తయ్య తన వీక్లీ ఆఫ్ రోజున వ్యాను దగ్గరికెళ్ళి, నమూనాకి పెట్టిన కొత్త ఫ్రిజ్‌ని జానలతో కొలిచి వచ్చింది. హాల్లో కిటికీ పక్క నేల కడిగి, సుద్దముక్కతో అంత మేర చదరం గీసింది. నేను చూశాను. టైలరు వదిన చూసింది. మావయ్య మాత్రం దాన్ని తొక్కుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. వీధి పిల్లలు ఏదో ఆటకి గీసుకున్నారనుకున్నాడట.

మీటరు పెట్టిన మర్నాడు మీటరమ్మాయి వచ్చింది. మీటరు చూసింది. కళ్ళజోడు తీసి పైటకి తుడుచుకుని మళ్ళీ చూసింది. ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో కదిపింది.

"ఇది రాదత్తయ్యా" అంది చివరికి.

"ఏం? పనిచేస్తోందిగా!"

"పనిచేస్తోంది. అదే వచ్చిన చిక్కు. మేమిచ్చే కొత్త ఫ్రిజ్ తాగేంతే తాగింది ఇది. గీత దరిదాపుల్లో కూడా లేదు. ఇంత తక్కువ తాగే పాత ఫ్రిజ్ మా కార్యక్రమం మొదలయ్యాక నేను చూళ్ళేదు." ఆ పిల్ల కోటు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసింది. "మావయ్యా, ఏం చేశారు దీన్ని? నేను ఫొటో తీసుకోవచ్చా?"

మావయ్య మీసం మెలేశాడు. ఆ సాయంత్రానికి వీధంతా ఇంటికొచ్చింది. తక్కువ కరెంటు తాగిన నేరానికి అనర్హత పొందిన ఫ్రిజ్‌ని చూడటానికి పక్క వీధినించి కూడా వచ్చారు. మావయ్య ఒక్కొక్కరికీ కోటు బొత్తాలు చూపించినట్టు పొరలు చూపించి, తలుపు తీసి, మూసి, "వినండి ఆ చప్పుడు" అన్నాడు. అత్తయ్య టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని, "నేను డ్యూటీకెళ్ళొస్తా" అంది. మెల్లగా అంది. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు మేడమెట్ల మీద కూచుని నాతో అంది.

"మా ఇంట్లో ఫ్యాను ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి వదిలేసింది బాబాయిగారూ. మిక్సీ అంతే. ఇస్త్రీపెట్టె అంతే. గోడ గడియారం తలకిందులుగా పెడితే గాని నడవదు. అన్నీ నడుస్తాయి, కాదన్ను. ఆయన చెయ్యి అలాంటిది. కానీ జన్మలో ఒక్కసారి ఓ అట్టపెట్టె నా చేత్తో విప్పాలని ఉంది. ఆ థర్మోకోలు కిర్రుమంటుంది చూశారా, బస్సులో ఎవరైనా కొత్త టీవీ ఎక్కిస్తే వింటుంటాను, ఆ చప్పుడు మా హాల్లో వినాలి. తలుపు మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి వస్తుంది, దాన్ని నేనే ఒలవాలి. అంతకు ముందు దాని మీద ఎవరి చెయ్యీ పడి ఉండకూడదు. ఇది కూడా ఓ కోరికేనా అని నవ్వకండి."

నేను నవ్వలేదు. సొంత పెట్టె ఒక్కటి కూడా లేకుండా బతికినవాణ్ణి, ఆ ముచ్చట నాకు బాగానే అర్థమైంది. "ఇంకోసారి మీటరు పెట్టమని అడక్కపోయావా అమ్మా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అత్తయ్య అడిగింది. వ్యాను వారం చివర మరో వీధికి వెళ్ళిపోతుంది, ఈలోపు ఇంకోసారి చూడటానికి అభ్యంతరం లేదంది మీటరమ్మాయి. ఈసారి మీటరు తగిలించి ఆ పిల్ల గుమ్మం దాటిందో లేదో, అత్తయ్యా టైలరు వదినా రంగంలోకి దిగారు. మరుగుతున్న నీళ్ళ గిన్నెలు ఒకదాని తర్వాత ఒకటి సవతి కడుపులోకి వెళ్ళాయి. తలుపు బార్లా తెరిచి దాని ముందు కుర్చీలు వేసుకుని ఇద్దరూ కబుర్లు మొదలెట్టారు. కానీ మావయ్య షెడ్డుకీ ఇంటికీ మధ్య ఎప్పుడూ ఏదో పానా కోసమో స్క్రూ కోసమో తిరుగుతూనే ఉంటాడు. వచ్చినప్పుడల్లా, "ఎవరమ్మా తలుపు తీసి వదిలేసింది, చలంతా పోతోంది!" అని ఠపీమని మూసి వెళ్ళేవాడు. ఆయన అటు వెళ్ళగానే వీళ్ళు ఇటు తెరిచేవాళ్ళు. మేడమెట్ల మీద కూచున్న నాకు నవ్వుతో కడుపుబ్బిపోయింది.

"వదినా, ఇది చెమటైనా పట్టట్లేదే!" అంది టైలరు వదిన ఫ్రిజ్ పక్కన చెయ్యి పెట్టి చూసి.

"కోటు తొడిగింది ఎవరనుకున్నావు? మొండిఘటం. అచ్చం ఆయనే."

మర్నాడు మీటరమ్మాయి తలుపు తీసేసరికి ఆవిరి ఎగజిమ్మి కళ్ళజోడు మసకబారిపోయింది. "అత్తయ్యా, ఫ్రిజ్‌లో పొగలేంటి?"

"అదీ... స్నానానికి పెట్టుకున్నాను" అంది అత్తయ్య. నోట్లోంచి వచ్చిన మాటకి తనే బిక్కమొహం వేసింది.

ఆ పిల్ల నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. నవ్వి నవ్వి, మీటరు చూసి చెప్పింది: అంత చేసినా గీత ఇంకా కాస్త పైనే ఉంది. పైగా ఇలా వేడినీళ్ళు పెట్టిన లెక్క తను రాసుకోదు, మర్చిపోతుంది. రేపే ఆఖరి రోజు.

ఆ మధ్యాహ్నం మావయ్య భోజనానికి వచ్చాడు. నన్నూ పిలిచారు. ఆయన చేతులు తుడుచుకుంటూ కిటికీ పక్కనించి వస్తుంటే అత్తయ్య, "అక్కడ అడుగెయ్యకండి" అంది.

"ఏముందిక్కడ?"

"ఫ్రిజ్ ఉంది."

మావయ్య కిందికి చూశాడు. సుద్ద చదరం. కాలు ఓ పక్కన గీత తొక్కేసి ఉంది. పైకి చూశాడు. "ఏ ఫ్రిజ్జే?"

"మీకు కనపడదు లెండి. అట్టపెట్టెలోంచి వచ్చే వస్తువు మీకెప్పుడు కనపడింది గనక?" అత్తయ్య గొంతు మళ్ళీ స్థాయికి వచ్చింది. ఎదురింట్లో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. "ఈ ఇంట్లో ఎవరో వదిలేసి పోనిది ఒక్కటుందా?"

"నేనున్నాగా."

"మిమ్మల్ని మీ అమ్మ వదిలేస్తేనే కదా నాదాకా వచ్చారు!"

మావయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూ ఆవిడ మొహం చూసి సగంలో ఆగిపోయాడు. "నేను బాగుచేసినవి నీకు నచ్చవని ఇన్నాళ్ళూ..." అన్నాడు.

"నచ్చవని ఎవరన్నారు? మీరు బాగుచేసింది బాగులేదని నేనెప్పుడైనా అన్నానా? బాగుచెయ్యక్కర్లేనిది ఒక్కటి కావాలన్నాను. ఒకే ఒక్కటి. అందుకే ఆ గిన్నెలు పెట్టాను, దొంగపనే, ఒప్పుకుంటున్నాను. మీరేమో వీధంతటినీ పిలిచి దాని కోటు చూపించుకుంటున్నారు."

మావయ్య కంచం ముందు కూచోలేదు. చదరం అంచున గొంతుక్కూచుని, తను తొక్కి చెరిపిన గీత మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత లేచి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, సవతి దగ్గరికెళ్ళి మొదటి స్క్రూకి ఆనించాడు.

"ఏం చేస్తున్నారు?"

"కోటు విప్పుతున్నా. ఎండాకాలంలో దీనికి కోటెందుకు?"

"వద్దండీ! ఇన్నేళ్ళ పని అది!" అంది అత్తయ్య. నిజంగానే కంగారుపడింది.

"ముందుకి జరుగు, ముందుకి జరుగు, తలుపు దగ్గర నిలబడకు" అన్నాడు మావయ్య, అచ్చం ఆవిడ గొంతుతో. అని తనే ఆగాడు. "ఉండు. అమ్మాయిని అడక్కుండా విప్పకూడదు. ప్రభుత్వాన్ని మోసం చేసి తెచ్చిన ఫ్రిజ్‌లో నాకు నీళ్ళు చల్లబడవు."

కాసేపట్లో మీటరమ్మాయి వచ్చింది. విషయం విని, తన ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల ఎవరో పెద్దాయన రెండుసార్లు "కోటా? ఫ్రిజ్‌కా?" అని అడగడం మాకందరికీ వినపడింది. ఆ తర్వాత ఆ పిల్ల ఫోన్ పెట్టేసి చెప్పింది: "ఫ్రిజ్‌ని కంపెనీ చేసినట్టుగానే కొలవాలట. ఇంటివాళ్ళు బయట తొడిగింది ఫ్రిజ్ లెక్కలోకి రాదట. అసలు మొదటిరోజే విప్పించాల్సింది నేనే. మా రూలు రాసినవాళ్ళకి కోటేసుకున్న ఫ్రిజ్ తగుల్తుందని కలలో కూడా తోచి ఉండదు మావయ్యా."

"మరి ఆ చలి ఆపింది మా ఆయనేనని మీ కాగితంలో ఎక్కడైనా రాస్తారా?" అంది అత్తయ్య ఉన్నట్టుండి.

"ఫొటోలు తీసుకున్నానుగా అత్తయ్యా. మా ఆఫీసులో అందరికీ చూపిస్తాను. మావయ్య ఓసారి వచ్చి ఎలా చేశారో చెప్పాలి."

"వస్తాను గాని, ముందు మీ ఆఫీసు ఫ్రిజ్‌కి మీటరు పెట్టు" అన్నాడు మావయ్య.

"అమ్మో, దాని సంగతి అడక్కండి!"

కోటు విప్పడం చూసి తీరాల్సిన వైభవం. మావయ్య ఒక్కో పొరా తీసి గోడకి ఆనిస్తుంటే, అత్తయ్య స్క్రూలు దోసిట్లో పట్టుకుంది. ఇది మనం గుడారాల సర్కసు చూసిన ఏడాది వేసిన పొర, ఇది నీకు పర్మినెంటు అయిన ఏడాదిది అని ఆయన చెబుతుంటే, "కాదు, అప్పటికింకా మనం పాత ఇంట్లోనే ఉన్నాం" అని ఆవిడ దిద్దుతూ. వాళ్ళ కాపురమంతా పలకలు పలకలుగా గోడవార నిలబడింది. అన్నీ తీసేసరికి లోపల్నించి ఓ చిన్న ఆకుపచ్చ పెట్టె బయటపడింది, జుట్టు కత్తిరించిన పిల్లాడిలా సిగ్గుపడుతూ.

"ఇంతేనా ఇది! పాపం, ఎంత చిక్కిపోయిందండీ!" అంది అత్తయ్య, ఇన్నేళ్ళలో మొదటిసారి సవతి మీద జాలిపడి.

కోటు లేని సవతి ఆపకుండా గుర్రుమంటూనే ఉంది. మావయ్య ఓ కుర్చీ వేసుకుని పక్కనే కాపలా కూచున్నాడు, ఎవరూ తలుపు తియ్యకుండా, వేడి గిన్నె దగ్గరికి రానీకుండా. న్యాయంగా ఓడిపోనివ్వాలి దాన్ని అన్నాడు. ఆఖరి రోజు మీటరమ్మాయి వచ్చి చూసి, చప్పట్లు కొట్టింది. గీత దాటింది. అంతంత మాత్రంగా కాదు, మందకొడి బస్సుని ఆటో దాటినట్టు దాటింది.

ట్రక్కులోకి ఎక్కించే ముందు అత్తయ్య తడిగుడ్డ తెచ్చి సవతి ఒళ్ళంతా తుడిచింది. బస్సు కడ్డీ విప్పి తను ఉంచుకుంది. ట్రక్కు కదలబోతుంటే మావయ్య కళ్ళు ఒత్తుకోవడం చూసి, "ఏడవకండి బాబూ, సవతి వెళ్ళిపోతే మొగుడు ఏడిస్తే వీధిలో నా పరువేం కావాలి?" అంది. అని, మెడలోంచి విజిల్ తీసి గట్టిగా ఊది, "రైట్ రైట్!" అని అరిచింది. ట్రక్కు డ్రైవరు అలవాటైనవాడిలా వెంటనే గేరు వేశాడు.

కోటు ఏమైందో చెప్పలేదు కదూ. గోడవార ఉన్న ఆ పలకల్ని మావయ్య మేడెక్కించి, నా గది రేకుల కింద వరసగా బిగించేశాడు. "మీరు ఎండలకి పారిపోతారని మా ఆవిడ బెంగపెట్టుకుంది" అన్నాడు. మర్నాటి మధ్యాహ్నం గదిలో కూచుంటే పైన రేకు కాలుతున్న సంగతి కబురుగా తెలుస్తోంది గాని ఒంటికి తగలడంలేదు. ఇంట్లో ఓ ఫ్రిజ్ తక్కువైనా, ఇంటి పైన ఓ ఓడ పొట్టు ఎక్కువైంది. సంచి సర్దుకోవడం నేను వాయిదా వేశాను. ఇప్పటికీ వేస్తూనే ఉన్నాను.

కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజు అత్తయ్య సెలవు పెట్టింది. అట్టపెట్టె గుమ్మంలో పట్టలేదు. దాన్ని అడ్డంగా తిప్పి, నిలువుగా తిప్పి, ఆఖరికి తలుపు రెక్క ఊడదీసి లోపలికి తెచ్చారు. వీధంతా కిటికీలకి వేలాడింది. మావయ్య చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని దూరంగా కుర్చీలో కూచున్నాడు, ముట్టుకోనని మాటిచ్చాడు మరి.

"ఎవ్వరూ మాట్లాడకండి" అంది అత్తయ్య. వీధి ఊపిరి బిగబట్టింది. కత్తెరతో టేపు కోసింది. మూత తీసింది. థర్మోకోలు పట్టుకుని కళ్ళు మూసుకుని మెల్లగా పైకి లాగింది.

కిర్రుమంది.

టైలరు వదిన పళ్ళు జివ్వుమన్నాయని చెవులు మూసుకుంది. అత్తయ్య మాత్రం ఎవరో వీనులవిందుగా పాడుతున్నట్టు వింది. ఇంకాస్త లాగింది, ఇంకాస్త కిర్రుమనిపించింది. అట్టపెట్టె పోయి, తెల్లటి ఫ్రిజ్ సుద్ద చదరంలో సరిగ్గా నిలబడింది. తలుపు మీద పల్చటి పొర. దాని కొస గోటితో లేపి, సగందాకా ఒలిచి, ఆపేసింది.

"అదేంటి వదినా, మిగతాది?" అంది టైలరు వదిన.

"అది రేపటికి" అంది అత్తయ్య. "ఇవాళే అంతా అయిపోతే రేపేం చెయ్యను?"

తలుపు తీసి చూసి వదిలింది. అది మూసుకోలేదు. నెమ్మదిగా, దానంతట అదే, ఇంకా తెరుచుకుంది. మళ్ళీ వేసింది. మళ్ళీ తెరుచుకుంది. ఆ హాల్లో నేల కిటికీ వైపు కాస్త వాలి ఉంటుంది, ఆ ఇంట్లో గోళీకాయ వదిలితే అటే దొర్లుతుంది. వీధంతా ఒక్కసారిగా మావయ్య వైపు తిరిగింది. మావయ్య నోరు తెరిచి, మూసి, చేతులు చంకల్లోకి ఇంకా లోపలికి దూర్చుకున్నాడు. నుదుటి మీద చెమట పోసింది పాపం.

అత్తయ్య ఆయన వైపు చూడలేదు. అట్టపెట్టె మూల ఒక ముక్క చింపింది. మడిచింది. మోకాళ్ళ మీద వంగి, భుజంతో ఫ్రిజ్‌ని కొద్దిగా ఎత్తి, ముందు కాలు కింద దూర్చింది. లేచి తలుపు వదిలింది. అది వచ్చింది గాని అంచు దగ్గర ఆగిపోయింది.

"ఇంకో మడ..." అన్నాడు మావయ్య, నాలిక కరుచుకున్నాడు.

"ఏదో అన్నారు?"

"నేనా? ఏం లేదే!"

అత్తయ్య ఇంకో మడత వేసి మళ్ళీ దూర్చింది. ఈసారి తలుపు తనంతట తానే వచ్చి, మెత్తగా, ముద్దు పెట్టినట్టు మూసుకుంది. కిటికీల దగ్గర జనం ఈలలు వేశారు.

"అయిపోయింది. కొత్తది కాస్తా పాతదైపోయింది" అన్నాడు మావయ్య, మొహమంతా నోరై నవ్వుతూ. "దాని మీద చెయ్యి పడిపోయింది."

"పడితే పడింది, నాదేగా!" అంది అత్తయ్య మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ. "ఇంక మీరు దగ్గరికి రావచ్చు. చూడటానికే."